కూతకు పోయినప్పుడు పక్క చూపు: కదలకుండా నిలబడ్డ కార్నర్‌ను కనిపెట్టుడు ఎట్ల

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. నీది దేవరకొండ దిక్కు, డిగ్రీ రెండో సంవత్సరం, ఊరి కబడ్డీ టీమ్‌కు కూతకు పోయే రైడర్‌వి. పగటిపూట మట్టి కోర్టులో మంచిగనే పాయింట్లు తెస్తున్నవ్. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద మ్యాట్ మీద ఆడితే మాత్రం నీ ఎడమ పక్క కార్నర్, అంటే ఆ మూలల నిలబడేటోడు, ఎప్పుడొచ్చి మడమ పట్టుకున్నడో తెలుస్తలేదన్నవ్. కోచ్ "పక్కలు చూడు" అన్నడు, నువ్వు చూసినవ్, చూస్తుండంగనే ఎదురుగ ఉన్న కవర్, అంటే మూలలకు నడుమ నిలబడేటోడు, వచ్చి డ్యాష్ కొట్టిండు, ఒంటితోటి గుద్ది బయటికి నెట్టిండు. చుట్టూ ఫోన్ల వెలుతురు, స్కోర్ బోర్డు, వాటి దిక్కే కన్ను గుంజుకపోతున్నదట. చూపు పెంచే యాప్ ఒకటి ఫోన్‌ల వేసుకున్న, పనికొస్తదా అని అడిగినవ్.

నేను పాలమూరు జిల్లాల పీఈటీని. ఆడింది 12 ఏండ్లు, నేర్పవట్టి 22 ఏండ్లు. నీ కష్టం నాకు కొత్త కాదు. మీ కోచ్ చెప్పింది తప్పు కాదు గాని అది సగం మాట. నేను కూడా ఏండ్ల తరబడి గీత బయట నిలబడి "అటు చూడురా, ఇటు చూడురా" అని మొత్తుకున్న. పిల్లలు నా మాట విని తల తిప్పేటోళ్లు, తిప్పినప్పుడే దొరికేటోళ్లు. పక్కకు చూసుడు వేరు, పక్కను కనిపెట్టుడు వేరు అని నాకు ఆలస్యంగ తెలిసింది.

ముందు ఒక పని చెయ్. చెయ్యి బారుగ చాపి బొటనవేలి గోరు చూడు. ఆ గోరంత జాగ ఉన్నదే, సుమారు 2 డిగ్రీలు, కన్ను నిక్కచ్చిగ చూసేది అంతనే. ముక్కు నుంచి అటు చెవి దాకా, ఇటు చెవి దాకా 90 డిగ్రీల చొప్పున పరుచుకున్న మిగతా చూపంతా మసకనే. ఆ మసకల మనిషి మొహం పోల్చలేం, బనీను మీద నంబరు చదవలేం. అంచుకు పోయేకొద్ది ఎరుపు, ఆకుపచ్చ తేడా కూడ తెలియకుండ పోతది. నలుగురు దగ్గర దగ్గర నిలబడితే ఒక ముద్దలెక్క కనిపిస్తరు, ఎవని చెయ్యి ఏదో విడదీసుడు కష్టం. చైన్ పట్టుకున్న, అంటే చేతులు కలుపుకున్న ఇద్దరు ఒకే మనిషి లెక్క అనిపించేది ఇందుకే. కానీ ఆ మసకలో ఏదన్నా కదిలిందా, అది మాత్రం దొరకవడ్తది.

అందుకే పక్క చూపును అడగాల్సింది ఒకటే ప్రశ్న: కదిలిందా, లేదా? ఎవరు, ఏ చెయ్యి, ఎంత దూరం అని అడిగితే దానికి జవాబు లేదు. జవాబు కోసం కన్ను తిరుగుతది, నువ్వు దొరుకుతవ్.

కన్ను తిరుగుడు ఎంత ఖరీదో కూడ చెప్తా. ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతేందుకు తయారు కావాలంటేనే కంటికి సెకనులో అయిదో వంతు పడ్తది. గెంతే ఆ ఘడియ మెదడు చూపును మూసేస్తది. నమ్మకుంటే అద్దం ముందర నిలబడి నీ ఎడమ కన్ను చూడు, వెంటనే కుడి కన్ను చూడు. నీ కండ్లు కదిలినట్టు నీకు అసలే కనిపించది. పక్కనున్నోణ్ని అడిగితే కదిలినయ్ అంటడు. కార్నర్‌ను చూసి మళ్ల కవర్ దిక్కు రావాలంటే రెండు గెంతులు. మంచి కవర్‌కు ఆ సందు సాలు.

మన పెద్దోళ్లు "చూపొక దిక్కు, ధ్యాసొక దిక్కు" అని తిడుతరు. బడిల అది తప్పే. కూతల అదే విద్య. ఈ రెండూ విడిపోగలవని 19వ శతాబ్దంలనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పరీక్ష చేసి చూసిండు. చీకట్ల అక్షరాలు పెట్టి, చూపు నడిమి చుక్క మీద ఆపి, ధ్యాస మాత్రం ఒక మూలకు పెట్టిండు. ఒక్క నిప్పురవ్వ వెలిగి ఆరిపోయేంత సేపు వెలుతురు ఇస్తే ఆ మూల అక్షరాలే చదవగలిగిండు. కన్ను కదిలేంత టైము ఆ వెలుతుర్ల లేదు. కన్ను కదలలేదు, ధ్యాస పోయింది. నువ్వు నేర్వాల్సింది ఇదే.

మరి చూపు యాడ పెట్టాలె? నేను పిల్లలకు చెప్పేది, నీకు ఎదురుగ దగ్గరున్న కవర్ బొడ్డు కాడ. తలతోటి మోసం చెయ్యొచ్చు, చేతులతోటి చెయ్యొచ్చు, కాలు ఊరికెనే ముందుకు ఏసి వెనుకకు తియ్యొచ్చు. నడుము కదలకుండా మాత్రం ఎవ్వడూ మీదికి రాలేడు. ఇంకోటి, బొడ్డు అంత ఎత్తుల చూపు ఉంటే కింద కాళ్లు, పైన భుజాలు, రెండు పక్కలు మసకలనైనా చూపుల ఉంటయ్. చాలామంది రైడర్లు మొహంల మొహం పెట్టి చూస్తరు. అప్పుడు మ్యాట్ మీది కాళ్లు చూపు కిందికి జారిపోతయ్. నిన్ను పట్టేది కాళ్ల కాడ.

ఇప్పుడు కొలతలు చూద్దం, ఎందుకంటే నీ తిప్పలు సగం ఇక్కడనే ఉంది. మగపిల్లల కోర్టు 13 మీటర్లు పొడుగు, 10 మీటర్లు వెడల్పు. ముట్టుకునే దాకా రెండు పక్కల మీటరు చొప్పున ఉండే లాబీలు లెక్కల ఉండవు, కాబట్టి ఆడేది 8 మీటర్ల వెడల్పుల. నడిమి గీత నుంచి, రైడర్ దాటాల్సిన బాక్ లైన్ 3.75 మీటర్లు, అదనపు పాయింట్ కోసం దాటే బోనస్ లైన్ ఇంకో మీటరు అవతల, అంటే 4.75. నువ్వు కోర్టు నడుమ, బాక్ లైన్ మీద, ఛాతీ సూటిగ ముందుకు పెట్టి నిలబడ్డవ్ అనుకో. కార్నర్ లాబీ గీత కాడ, నడిమి గీతకు 5.5 మీటర్ల లోతుల ఉన్నడు. వాడు నీ చూపుకు 66 డిగ్రీల పక్కన ఉంటడు. కనిపిస్తడు. బోనస్ కోసం లైను దాకా పోయినవా, వాడు కదలకున్నా సరే 79 డిగ్రీలకు పోతడు. అదే టైముకు వాడు ఒక్క అడుగు ముందుకేస్తే 90 దాటి నీ వెనుకకే చేరిండు. వాడు దాక్కోలేదు, నువ్వే వాణ్ని దాటి పోయినవ్.

దీనికి మందు కన్ను కాదు, పాదం. ఛాతీ ఎన్నడూ సూటిగ పెట్టకు. ఏ కార్నర్ నిన్ను ఎక్కువ పట్టుకుంటున్నడో వాని దిక్కు భుజం 20 డిగ్రీలు తిప్పి నిలబడు. నీకైతే ఎడమ. కుడి పాదం ముందు, ఎడమ పాదం కొంచెం వెనుక. 79 ఉన్నోడు 60కి వస్తడు. అటు అవతలి కార్నర్ చూపు నుంచి పోతడు, నిజమే, గాని నిన్ను ఎక్కువ పట్టుకునేది వాడు కాదు. వాడు నడుస్తున్నడంటే మొత్తం చైన్ వంగుతది, ఆ వంగుడు ఎదురుగనే కనిపిస్తది.

ఇంతవరకు చాలామంది చెప్తరు. అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. నిన్ను పట్టుకుంటున్న కార్నర్ ఎట్ల నిలబడ్తడో ఎన్నడన్నా చూసినవా? పందెం కాస్త, వాడు కదలడు. మోకాళ్లు వంచి, చేతులు తొడల కాడ పెట్టి, కొంగ లెక్క నిలబడి ఉంటడు. ఆ పిల్లగానికి ఎవలో మంచిగ నేర్పిండ్రు. పక్క చూపు కదలికనే పడుతదని ఇందాక చెప్పిన గదా, కదలనిదాన్ని అది మరిచిపోతది. 1804లనే ట్రోక్స్‌లర్ అనే ఆయన ఇది రాసిపెట్టిండు: ఒకే చుక్క మీద చూపు బిగించి ఉంచితే పక్కనున్నయి మెల్లగ మాసిపోతయ్. గోడ మీద చిన్న బొట్టు పెట్టి, దానికి జానెడు పక్కన సుద్దతోటి లేతగ ఇంకో మరక పెట్టి, దగ్గర కూసొని 20 సెకన్లు బొట్టునే చూస్తే నీకే తెలుస్తది. ఆ మరక ఉన్నది గాని లేనట్టు అయితది.

కాబట్టి కూతల రెండు పనులు ఒక్కసారే జరగాలె. చూపు కవర్ నడుము కాడ ఉండాలె గాని బిగుసుకోవద్దు. కాళ్లు ఒక్క క్షణం ఆగొద్దు. నువ్వు జానెడు అటు జానెడు ఇటు ఊగుతుంటే కార్నర్ కదలకున్నా నీ కంట్ల వాని బొమ్మ కదుల్తనే ఉంటది, మాసిపోదు. రెండోది, వాణ్ని తట్టి లేపు. కూతకు పోయిన మొదటి 10 సెకన్లల ముట్టుకోవాలన్న ఆశ లేకుండ ఎడమ కాలు వాని దిక్కు ఒకసారి ఏసి తియ్. కొంగ కదుల్తది. ఒకసారి కదిలితే పక్క చూపుకు వాడు యాడున్నడో దొరికిండు. ఇది ఆశ్చర్యంగ అనిపిస్తది గాని, మా పిల్లలల్ల ఆంకిల్ హోల్డ్‌కు, అంటే మడమ పట్టుకు పోవుడు తగ్గింది ఈ ఒక్క అలవాటుతోటే ఎక్కువ.

సాధన తువ్వాలతోటి చేపిస్త. మా బడి గ్రౌండ్‌ల పొద్దుగాల 6 గంటలకు, ఎండ ఎక్కకముందు. రైడర్ బాక్ లైన్ మీద. ఎదురుగ ఒక కవర్. రెండు మూలల ఇద్దరు, ఒక్కొక్కని చేతుల మడిచిన తెల్ల తువ్వాల, నడుము కాడ. రైడర్ చూపు కవర్ బొడ్డు మీదనే. మూలల ఉన్నోళ్లు ఎప్పుడో ఒకసారి తువ్వాలను బెత్తెడు కిందికి జారుస్తరు. ఏ పక్క జారితే ఆ పక్క చెయ్యి లేపాలె. కవర్ పని, రైడర్ కండ్లనే చూస్తుండుడు. కన్ను పక్కకు గెంతిందా, "పోయింది" అని చెప్పుడు. 20 సార్లు చేసి ఎన్ని పట్టిండో నోటుబుక్కుల రాస్తం. మొదటి వారం ఇట్లనే, ఉత్తగ నిలబడి.

రెండో వారం అదే పని కూత పెట్టుకుంట. అప్పుడు చూడాలె పిల్లల మొహాలు. పోయినేడు ఒక పిల్లగాడు నిలబడి చేసినప్పుడు ఒకటో రెండో తప్ప అన్నీ పట్టిండు. "కబడ్డీ కబడ్డీ" అనుకుంట చేస్తే సగం కూడ పట్టలే. కోర్టు చుట్టూ నాలుగుసార్లు ఉరికించి కూత పెట్టిస్తే తువ్వాల కింద పడ్డా తెల్వలే. "సార్, వాళ్లు జారవిడుస్తలేరు" అన్నడు. నిజంగనే అట్ల అనుకున్నడు, వాని కండ్లల్ల అబద్ధం లేదు. నేను వాణ్ని తీసుకపోయి మూలల నిలబెట్టి ఇంకొకణ్ని రైడర్‌గ పెట్టిన. అప్పుడు నమ్మిండు.

అక్కడ జరిగింది కంటి లోపం కాదు. మెదడు మీద బరువు పెరిగితే ధ్యాస వెడల్పు కుంచించుకపోతది. మాక్‌వర్త్ అనే పరిశోధకుడు 1965ల చూపించిండు, తెర మీద పనికిరాని అక్షరాలు నింపేసరికి మనిషి ఒక్కచూపుల పట్టగలిగే వెడల్పు తగ్గిపోయింది, సొరంగంల నుంచి చూసినట్టు. నీకు కూతల దమ్ము, 30 సెకన్ల లెక్క, స్కోరు, భయం, అన్నీ అట్లాంటి బరువులే. రెండు ఖాళీ రైడ్లు అయినంక మూడోది చావో రేవో రైడ్ అయితది గదా, పాయింట్ తేకుంటే నువ్వే ఔట్, నిన్ను ఎక్కువ పట్టుకునేది దాంట్లనే అయి ఉంటది. నీ వీడియోలు ముందల పెట్టుకొని లెక్క చూడు.

కాబట్టి పక్క చూపు సాధన దమ్ము సాధన నుంచి విడిగ చెయ్యకు. 20వ సెకను దాటినంక తువ్వాల పట్టగలిగినోడే మ్యాచ్‌ల పట్టగలుగుతడు. కూత గట్టిగ అరవకు, రెఫరీకి స్పష్టంగ వినిపించేంత, ఒకే తీరుగ, నీ అడుగుల లయల పోనీ. అరిచినకొద్దీ మెడ బిగుస్తది, మెడ బిగిస్తే చూపు బిగుస్తది. ఇది పుస్తకంల చదివి చెప్తలేను, గ్రౌండ్‌ల చూసి చెప్తున్న.

యాప్ సంగతి. నువ్వు పైసలు పెట్టి కొన్నవో లేదో చెప్పలే. ఇట్లాంటి కంటి కసరత్తులు ఆటకు నిజంగ పనికొస్తయా అని ఆబర్నెతీ, వుడ్ అనే ఇద్దరు 2001ల పరీక్షించిండ్రు. కసరత్తు చేసినోళ్లకు, చెయ్యనోళ్లకు ఆటల తేడా దొరకలే. ఇంకో దిక్కు, గ్రీన్, బవేలియే 2003ల చేసిన పరిశోధనల ఉరుకులాట, కాల్పుల వీడియో గేములు ఆడేటోళ్లకు అంచుల ధ్యాస మెరుగ్గ ఉన్నట్టు తేలింది. అంటే ధ్యాస సాధనతోటి పెరుగుతది, ఆ మాట నిజం. తెర మీద పెరిగింది మ్యాట్ మీదికి అట్లనే వస్తదా అంటే నా లెక్కల రాదు. తెర నీ కండ్ల ముందు జానెడు వెడల్పు, కార్నర్ 60 డిగ్రీల అవతల. ఆ 15 నిమిషాలు తువ్వాలకు పెట్టు.

ఇగ ధ్యాస చెదిరే సంగతి. "లైట్ల దిక్కు చూడను, బోర్డు దిక్కు చూడను" అని మనసుల పట్టుబడితే ఇంకా ఎక్కువ చూస్తవ్. కొత్తగ మెరిసేది, కదిలేది కంటిని గుంజుతది, అది పుట్టుకతోటి వచ్చిన కాపలా. దాన్ని తిట్టుడు దండుగ. కానీ అలవాటైనదాన్ని ఆ కాపలా వదిలేస్తది. బస్టాండ్‌ల పండ్లమ్మేటామెకు బస్సుల హారన్లు వినిపిస్తయా?

అందుకే మ్యాచ్‌కు గంట ముందు పోయి కోర్టు చుట్టూ తిరుగు. లైటు స్తంభాలు యాడున్నయ్, బోర్డు ఏ దిక్కు, పిల్లలు ఏ గోడ మీద కూసున్నరు, కడుపునిండ చూడు. కూతకు పోయే ముందు నడిమి గీత కాడ నేను పిల్లలతోటి ఒకటే పని చేపిస్త. రెండు శ్వాసలు, ఆ రెండు శ్వాసలల్ల నీ కాలి బొటనవేలు గీతకు తగిలే జాగనే చూడుడు, తర్వాత చూపు నేరుగ కవర్ నడుముకు. మధ్యల ఇంకేమీ లేదు. మ్యాచ్‌ల కన్ను పక్కకు పోయినా పర్వాలేదు, తిరిగి రావడానికి దానికి ఒక ఇల్లు ఉన్నది.

ఫ్లడ్‌లైట్‌ను సూటిగ చూస్తే కంట్ల మచ్చ మిగుల్తది, కొన్ని సెకన్లు అది నువ్వు చూసే చోటల్ల అడ్డమొస్తది. బయట బెంచీ మీద కూసున్నప్పుడు కూడ లైటు నీ వెనుకకు ఉండేటట్టు కూసో. నీ వంతు వచ్చే దాక ఫోన్ చూడకు. ఎందుకంటే చీకట్ల తెర చూసిన కన్ను మ్యాట్ వెలుతురుకు సర్దుకోవాలె, నీ ధ్యాస అప్పటికే జానెడు డబ్బాల ఇరుక్కొని ఉంటది.

కొన్ని మాత్రం అలవాటు చేసుకునేటియి కావు, తీసేయించేటియి. ఒక ఏడు సంక్రాంతి టోర్నమెంట్‌ల నిర్వాహకులు ఎండ్ లైన్, అంటే కోర్టు చివరి గీత వెనుక, మనిషి ఎత్తుల, పెద్ద ఎల్‌ఈడీ తెర కట్టిండ్రు. మ్యాచ్ దాంట్లనే నడుస్తున్నది. మా రైడర్ తన రైడ్‌ను తనే చూసుకుంట మూడుసార్లు దొరికిండు. సగం ఆట అయినంక పోయి అడిగితే ఇప్పుడు కాదన్నరు. నాకు ఇప్పటికీ కోపమే, ఆ పిల్లగాడు ఆ రాత్రి అన్నం తినలే. అప్పటి నుంచి టాస్‌కు ముందే కెప్టెన్‌ను రెఫరీ కాడికి పంపుత. తెరలు, ఫోకస్ లైట్లు ఎండ్ లైన్ల వెనుక వద్దు, పక్క గీతల బయట, ఎత్తుల పెట్టమని. ముందు అడిగితే చాలాసార్లు వింటరు.

సాధనల కూడ చిన్న పిల్లలను ఎండ్ లైన్ వెనుక నిలబెట్టి ఫోన్ల టార్చ్‌లు ఊపమను. మొదటి రోజు ఒక్కటే. తర్వాత మూడు. తువ్వాల లెక్క మళ్ల పడిపోతది, వారానికి తేరుకుంటది.

రెండు మాటలు ఆటకు బయటివి. మ్యాచ్ అయినంక రాత్రిపూట బండ్ల మీద ఊరికి పోతరు మీరంతా, నాకు తెలుసు. గంటకు 60 కిలోమీటర్లల పోతూ 2 సెకన్లు ఫోన్ చూస్తే 33 మీటర్లు చూడకుండ పోయినట్టు. కోతల కాలంల మన రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరవోసి, అంచుకు రాళ్లు పెట్టి ఉంటయ్. ఇంకొకటి, పక్క రోడ్డు నుంచి వచ్చే బండి నిన్ను గుద్దే లెక్కనే వస్తుంటే అది నీ చూపుల ఒకే చోట ఆగినట్టు ఉంటది, పెద్దగ అవుడు తప్ప జరుగుడు ఉండదు. కదలని కార్నర్ లెక్కనే. చౌరస్తా కాడ తల ముందుకు వెనుకకు కదిపి చూడు.

రెండోది, కంటి పరీక్ష. పగలు మంచిగ ఆడి రాత్రి మాత్రమే దొరుకుతున్నవ్ అన్నవ్ గదా, ఆ మాట దగ్గర నేను ఆగిన. చాలావరకు అది లైట్లు, భయమే. కానీ ఒకసారి మా దగ్గర ఒక తండా పిల్లగాడు ఇట్లనే ఉండె. సందె చీకటి పడితే గ్రౌండ్ నుంచి ఇంటికి పోయేటప్పుడు బండలు తట్టుకునేటోడు. వాళ్ల అమ్మానాన్నలది మేనరికం. హైదరాబాద్‌ల కండ్ల దవాఖానకు తీసుకపోతే రెటీనా జబ్బు అని తేలింది, రేచీకటితోటి మొదలై పక్క చూపు చుట్టూ మూసుకుంట వచ్చేది. వాణ్ని నేను ఒక ఏడంతా "పక్కలు చూడురా" అని తిట్టిన. అది నా మనసుల నుంచి పోదు.

నువ్వు చీకట్ల తట్టుకుంటున్నవా, సినిమా హాల్ల సీటు దొరకక తడుముకుంటున్నవా, ఇంట్ల ఎవలికన్నా అట్ల ఉందా చూసుకో. దోస్తును ఎదురుగ రెండు మూరల దూరంల కూసోబెట్టి, ఒక కన్ను మూసి వాని ముక్కు చూసుకుంట, వాడు పక్కల నుంచి వేళ్లు ఆడిస్తూ తెస్తుంటే ఎక్కడ కనిపిస్తున్నదో చూడు. రెండో కన్ను కూడ. ఒక పక్క తక్కువుంటే, లేకుంటే రాత్రి ఇబ్బంది నిజమే అనిపిస్తే, సాధన తర్వాత, ముందు కండ్ల డాక్టర్ దగ్గరికి పో. నంబరు ఉండి అద్దాలు దాచిపెట్టే రైడర్లను కూడ చూసిన, మసకగ కనిపించే కవర్ నడుమును ఎవ్వడూ పట్టుకోలేడు.

అది సాఫుగ ఉంటే రేపటి నుంచే తువ్వాలలు తియ్. మొదటి రోజు 20కి ఎన్ని పట్టినవో, కూత పెట్టినంక ఎన్నో, రాసి ఇక్కడ పెట్టు. వీలైతే నీ రైడ్ వీడియో నడిమి గీత పక్క నుంచి కాకుండ ఎండ్ లైన్ వెనుక నుంచి తీపియ్యి. నీ కండ్లు ఎప్పుడు గెంతుతున్నయో అట్ల తీస్తేనే నాకు కనిపిస్తది.